ముత్యం దారికి గీసిన ప్లాను

...ఇంకా ఇరవై రెండు మిల్లీమీటర్లు, అంటే ఇరవై రెండు రోజులు, అప్పటిదాకా ముత్యానికి నీళ్లు దొరకవు. దొరకవని రాసి ఉంది. రాసి ఉన్నదాన్నే గీశాను. గీతలో తప్పు లేదు. మరి తప్పు ఎక్కడుంది?

సెంటినరీ కాలనీ రోడ్డు మీద నీడ చూసుకుంటూ నడుస్తున్నాడు రఘుపతి. మే నెల ఎండ. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిల్లో సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. ముత్యం అతని చైన్‌మన్. భూమి కింద, చీకట్లో, కొలత చైనుకు ఈ కొసన ఇతను, ఆ కొసన ముత్యం. మనిషి కనిపించేవాడు కాదు. చైను బిగుసుకుంటే ఉన్నాడని తెలిసేది.

నెలన్నర కింద ముత్యం గుండె ఆగి పోయాడు. పదకొండు రోజులూ సాయంత్రం పూట ఆ ఇంట్లో పురాణం చదివింది రఘుపతే. పోయినవాడు ఏడాది పాటు నడిచే దారి, దారిలో వచ్చే పట్టణాలు, ఆకలి, దప్పిక. ఆఖరి రోజు ముత్యం భార్య సారవ్వ అడిగింది.

"బావా, ఇప్పుడు ఆయన ఏడిదాక పోయిండో జర చెప్పరాదు?"

ఇంకొకరైతే ఏదో ఓదార్పు మాట చెప్పి లేచేవారు. రఘుపతి ఇంటికెళ్లి ట్రేసింగ్ షీటు తీశాడు. రోజుకు ఒక మిల్లీమీటరు. పట్టణాలకు చుక్కలు, నీళ్లున్న మేర నీలి గీత, లేని మేర ఎర్ర గీత. మూలన ఉత్తరం బాణం కూడా వేశాడు. యమలోకం దక్షిణాన కాబట్టి దారి కిందికే పోతోందని రెండుసార్లు సరిచూసుకున్నాడు. సారవ్వ దాన్ని క్యాలెండరు పక్కన అతికించుకుంది.

ఈ పొద్దున ఆమె కూతురు సంతోషి రఘుపతి ఇంటికి వచ్చి, గడప దాటకుండానే మొదలుపెట్టింది.

"పెద్దబాపూ, నువ్వు గీసిచ్చిన నక్ష పుణ్యాన మా ఇంట్ల నీళ్లు బందైనయి."

"ఏమైంది బిడ్డా?"

"అవ్వ పొద్దంత నీళ్లు ముడ్తలేదు. మీ బాపు ఎర్ర గీత మీద ఉన్నడు, నేనెట్ల తాగాలె అంటది. పొద్దుగూకినంక ఒక్క గిలాస, అంతే. నిన్న నల్ల కాడ నీళ్లు పట్టుకుంట కండ్లు తిరిగి పడ్డది. దవాఖానల సెలైన్ పెట్టిన్రు. ఇట్లనే చేస్తే కిడ్నీలు పోతయన్నడు డాక్టరు."

రఘుపతి వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు.

"అబద్ధమన్న చెప్పు. లెక్క తప్పింది, ఆయన ఇయ్యాల్నే నీళ్ల కాడికి చేరిండు అను. బాపు ఎన్నడన్న నడిచిండా, బజారుకు గూడ సైకిలేనాయె. జల్ది పోయిండనుకుంటది."

అతనికి నవ్వు వచ్చింది, వచ్చి ఆగిపోయింది. గీత జరపడం ఎంతసేపు? కానీ నీలం అయిపోయాక మళ్లీ ఎరుపు వస్తుంది. అప్పుడూ జరపాలి. పైగా గీత జరపడమన్నది అతని చేతికి తెలియని పని. నీళ్లు నిండిన పాత తవ్వకాల అంచును ప్లానులో పదడుగులు తప్పు చూపిస్తే, కింద పనిచేసేవాళ్ల మీదికి ఆ నీళ్లు విరుచుకుపడతాయి. కాబట్టి రాసింది రాసినచోటే ఉండాలి. ముప్పై నాలుగేళ్లు ఆ కళ్లతోనే కాగితాలు చదివాడు. పురాణాన్నీ ఆ కళ్లతోనే చదివాడు.

పురాణం స్కేలు చెప్పలేదు. స్కేలు తనది.

ఎందుకు వేశాను? ఆమె అడిగిందని. అంతేనా? ఆ ప్లాను గీసిన మూడు రోజులూ తనకు ఏడుపు రాలేదు. కాగితం మీద ముత్యం ఏదో ఒక మిల్లీమీటరు దగ్గర ఉన్నాడు. ఉన్నంతకాలం పోనట్టే. అడిగింది సారవ్వే, కానీ అవసరం తనది. ఆ అవసరానికి ఇప్పుడు ఆమె గొంతు ఎండుతోంది. ఈ ఆలోచన దగ్గర అతను ఎండలోనే నిలబడిపోయాడు.

అతను వెళ్లేసరికి సారవ్వ చాప మీద గోడకు ఆనుకుని ఉంది. పెదవులు పగిలి ఉన్నాయి.

"రా బావా. ఇయ్యాల నలభై ఏడో రోజు. ఇంకా ఎర్రదే నడుస్తుంది."

"సారవ్వా, ఆ నక్ష తప్పు."

"లెక్క తప్పిందా?"

"లెక్క మంచిగనే ఉన్నది. నక్ష గీసుడే తప్పు. పురాణం దారి కొలతలు చెప్పే పుస్తకం కాదు."

ఆమె నెమ్మదిగా నిటారుగా కూర్చుంది. "అంటే అబద్ధమా? పదకొండు రోజులు నన్ను కూసోబెట్టి అబద్ధం చదివినవా?"

దూరాన ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు అదిరాయి. అవి సద్దుమణిగాక రఘుపతి అడిగాడు.

"ముత్యం పోయిన నాడు నువ్వేమన్నవ్? నా గుండె చెరువైంది బావా అన్నవ్."

"అన్న."

"ఏ ఊరి చెరువని ఎవలన్న అడిగిన్రా? ఎన్ని ఎకరాలని నేను కొలిచిన్నా?"

"నువ్వైతే కొలుస్తవు" అంది సారవ్వ. "అది మాట వరసకంటరు."

"మరి అబద్ధమాడినవా?"

ఆమె చాప అంచును వేలితో రుద్దింది. "లేదు. నిజంగనే అయింది."

"ఇదీ గట్లనే. పోయినోనికి దప్పిక అని రాసిన్రు. పోయినోనికో, ఉన్నోళ్లకో. నాకూ ఇయ్యాల్నే ఎరుకైంది. ముందుగాల ఎరుకైతే స్కేలు వేస్తుంటినా?"

"మరి ఆయన ఏడున్నడు?"

"నాకు తెల్వదు."

ఒక చోటు గురించి ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. సారవ్వ అతని ముఖంలోకి చూసింది.

"సర్వేయరువు, నీకే తెల్వకుంటె ఇంక ఎవలకు తెలుస్తది" అంది. ఆ మాటలో నిష్ఠూరం ఉంది, అలసట ఉంది. కోపం మాత్రం లేదు.

రఘుపతి లేచాడు. మూలనున్న నీళ్ల రంజన్ మూత తీసి, గిలాస ముంచి, తెచ్చి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. ఆమె గొంతు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు.