అరుగు మీది సిగ్నల్

ఏప్రిల్ నెల, ఉదయం పది దాటింది. ఎర్రవాగు ఊళ్లో అడవి సరుకు కొని అమ్మే సదాశివ సేటు ఇంటి అరుగు మీద పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుని ఆయన చింతపండుకు గింజలు తీస్తున్నారు. అందరి పక్కనా ఫోన్లున్నాయి. ఒకామె చంద్రపూర్ ఆస్పత్రిలో ఉన్న చెల్లెలితో మాట్లాడుతూనే చింతపండు చీలుస్తోంది. ఇంకొకామె ఫోనులో మనవరాలి మొహం చూస్తూ నవ్వుతోంది. సేటు భార్య విజయమ్మ మధ్యమధ్య మంచినీళ్లు అందిస్తోంది. దారిన పోయేవాళ్లెవరైనా ఒక్క నిమిషం ఆగి ఈ ఊరు సుఖంగా ఉంది అనుకునేలా ఉంది ఆ దృశ్యం.

జీపు దిగిన జ్యోతిర్మయి కూడా అలాగే అనుకుంది. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు. సిరొంచలో బట్టల దుకాణం నడిపే కుటుంబంలో పుట్టింది, పాలిటెక్నిక్ చదివింది, సెల్ నెట్‌వర్కు పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్‌గా చేరింది. ఏడు నెలల కిందట ఆ ఇంటి కప్పు మీద స్మాల్ సెల్ బిగించింది ఆమే. ఎట్లా పనిచేస్తోందో చూసి రిపోర్టు రాయడానికి ఇప్పుడు వచ్చింది. అరుగు మీది ఆడవాళ్లను ఫోటో తీసుకుంది. రిపోర్టు మొదటి పేజీకి అంతకంటే మంచి బొమ్మ దొరకదనిపించింది.

స్మాల్ సెల్ అంటే ఏమిటో ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. అడవి ఊళ్లో పెద్ద టవరు నిలబెట్టాలంటే అటవీ భూమికి అనుమతి రావాలి, లారీ పోయే దారి ఉండాలి, అంత ఖర్చుకు సిద్ధపడే కంపెనీ దొరకాలి. జిమల్‌గట్ట దాటి అడవి లోపలికి పోతే ఈ మూడూ ఒకచోట కుదరడం కష్టం. స్మాల్ సెల్ బియ్యం డబ్బా అంత పెట్టె. ఇంటి కప్పు మీదనో, స్తంభం మీదనో ఇద్దరు మనుషులు ఒక పూటలో బిగించేస్తారు. అయితే దాని చూపు చిన్నది. రెండు వందల మీటర్లు దాటితే సిగ్నల్ పలచబడిపోతుంది. టవరు ఎక్కడ పెట్టినా ఊరందరికీ అందుతుంది. ఈ పెట్టె మాత్రం ఎవరి పక్కన పెడితే వాళ్లదవుతుంది. ఆ సంగతి జ్యోతిర్మయి చదివిన పుస్తకాల్లో ఎక్కడా లేదు.

పెట్టె బిగించడానికి ఏడు నెలల కిందట వచ్చిన రోజు ఆమె రెండు చోట్లు చూసింది. ఒకటి వాగు ఒడ్డున ఉన్న సమాజ మందిరం, ఊరి సభలు జరిగే హాలు. అది ఊరికీ, వాగు అవతలి గోండు గూడేనికీ నడుమన ఉంటుంది. కానీ అక్కడ కరెంటు రోజులో సగం ఉండదు, పెట్టెను నెట్‌వర్కుకు కలిపే ఫైబర్ తీగ రోడ్డు వెంటే వచ్చింది కానీ అక్కడిదాకా పోలేదు. రెండోది సదాశివ సేటు ఇల్లు. రోడ్డు పక్కనే ఉంది, ఇన్వర్టర్ ఉంది, సేటు అద్దె కూడా అడగలేదు. పైఅధికారి కృష్ణకాంత్‌కు ఫోను చేస్తే కరెంటు ఎక్కడుంటే అక్కడ పెట్టేయమన్నాడు. పది నిమిషాల్లో తేలిపోయింది. గూడెంలో ఎవరినీ అడగాలని ఆమెకు తోచలేదు.

ఇప్పుడు రిపోర్టు కోసం మధ్యాహ్నం లెక్కలు చూస్తుంటే ఒకచోట ఆమె చూపు ఆగిపోయింది. ఊళ్లో డెబ్బై ఇళ్లు, గూడెంలో నలభై రెండు. పంచాయతీ ఇచ్చిన నంబర్ల జాబితాతో పోల్చి చూస్తే, పెట్టెతో రోజూ కలిసే ఫోన్లలో గూడెం వాళ్లవి పది పన్నెండుకు మించి లేవు. గూడెంలో ఫోన్లు తక్కువేమో అనుకుని, ఆశా కార్యకర్త సోమక్కను అడిగింది. సోమక్క గూడెం మనిషే. మందుల సంచి భుజాన వేసుకుని ఆ రెండు చోట్లకూ రోజూ తిరుగుతుంది.

"ఫోన్లు ఇంటింటికి ఉన్నయి మేడం. నాతోటి జర నడుస్తవా, చూపిస్త" అంది సోమక్క.

గూడెం వెనక గుట్ట ఉంది. ఎండలో అరగంట ఎక్కితే పైన ఒక చదును రాయి వస్తుంది. ఎక్కడో దూరాన ఉన్న టవరు సిగ్నల్ అక్కడ ఉండీలేనట్టు తగులుతుంది. ఆ రాయి మీద అరవై ఏళ్లు దాటిన ఒక ముసలావిడ ఫోను చేత్తో ఎత్తిపట్టుకుని కూర్చుని ఉంది. పేరు జంగుబాయి. అహేరిలో కూలికి పోయిన కొడుకు భీముతో మాట్లాడడానికి ఎక్కి వచ్చింది. మాట మధ్యలో తెగిపోయింది. మళ్లీ కలుస్తుందేమోనని ఎదురుచూస్తోంది.

కింద ఊళ్లో అంత మంచి సిగ్నల్ ఉండగా ఇక్కడికి ఎందుకు ఎక్కావని జ్యోతిర్మయి అడిగింది. సోమక్క గోండిలో ఏదో నచ్చజెప్పిన తరువాత జంగుబాయి మెల్లగా చెప్పుకొచ్చింది.

రేషన్ కార్డులో పేరు నిలవాలంటే ఫోనులో మొహం చూపించి ధ్రువీకరించుకోవాలని, దానికి గడువు ఉందని అందరికీ చెప్పారు. గుట్ట మీది సిగ్నల్ దానికి చాలదు. జంగుబాయి సేటు ఇంటికే పోయింది. అయితే అంతకుముందు వారమే ఆమె తన కరక్కాయ సేటుకు కాకుండా జిమల్‌గట్ట సంతలో అమ్ముకుంది.

"మూడు దినాలు పోయిన. విజయమ్మ ఇయ్యాల మంది ఎక్కువున్నరు, రేపు రా అన్నది. మూడు దినాలు గదే మాట. నాలుగో దినం నేనే పోలే" అంది జంగుబాయి.

"అరుగు ఎక్కకుంటే ఏమాయె అవ్వా, రోడ్డు మీద నిలబడ్డా సిగ్నల్ వస్తది కదా" అంది జ్యోతిర్మయి.

"వాళ్ల ఇంటి ముంగట దొంగలెక్క నిలబడాల్నా?"

గడువు దాటింది, కార్డులో జంగుబాయి పేరు ఆగిపోయింది. మూడు నెలలుగా ఇంటికి ఒక మనిషి బియ్యం తక్కువ వస్తోంది. దిగుతున్నప్పుడు సోమక్క మిగిలిన సంగతీ చెప్పింది. అరుగు మీది ఆడవాళ్లను చింతపండు తీయమని ఎవరూ అడగలేదు. ఊరికే కూర్చుని సేటు కరెంటు వాడుకుంటున్నామని సిగ్గుపడి మొదట ఒకరిద్దరు చెయ్యి వేశారు. తరువాత అది అలవాటైంది. ఇప్పుడు చెయ్యి వేయనివాళ్లకు అక్కడ కూర్చోబుద్ధి కాదు. సరుకు వేరేచోట అమ్మినవాళ్లకు గడప తొక్కబుద్ధి కాదు.

సాయంత్రం జ్యోతిర్మయి సేటుతో మాట్లాడింది. ఆయన ఆమె తండ్రికి ఎరుకైనవాడు. ఆమె మాటలు విని నిజంగానే నొచ్చుకున్నాడు.

"నేను ఎవర్నన్న రావద్దన్ననా బిడ్డా? జాగ ఇచ్చిన, కరెంటు ఇచ్చిన. నాదేం తప్పు?"

"నువ్వు వద్దనలేదు కాకా" అంది ఆమె. ఆయన అబద్ధం చెప్పడం లేదని ఆమెకు తెలుసు. విజయమ్మ కూడా చెడ్డ మనిషి కాదు. అరుగు తనది, ఎవరిని ఎప్పుడు రమ్మనాలో తన ఇష్టం అనుకుంది, అంతే. ఎవరి ఇంట్లోనైనా అంతే కదా. మరి నలభై రెండు ఇళ్ల అవసరాన్ని ఒక ఇంటి ఇష్టానికి అప్పగించింది ఎవరు? రాత్రి సిరొంచకు తిరిగి వచ్చే దారంతా జ్యోతిర్మయి ఈ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎటు తిప్పినా స్క్రూలు బిగించిన తన చేతుల దగ్గరికే వచ్చింది.

పెట్టెను సమాజ మందిరానికి మార్చాలని ఆమె రాసింది. కృష్ణకాంత్ ఒప్పుకోలేదు. వాడకం బాగుంది, ఫిర్యాదులు లేవు, బాగా నడుస్తున్నదాన్ని కదపడం దేనికన్నాడు. పైగా పనులు చిన్నవి కావు. మందిరానికి సోలార్ పలకలూ బ్యాటరీలూ కావాలి. ఫైబర్ మందిరందాకా రాలేదు కనుక అది ఉన్న సేటు కప్పు మీద ఒక డిష్ పెట్టి, తీగ లేకుండా గాలిలోనే మందిరానికి లంకె వేయాలి. జ్యోతిర్మయి వాదించలేదు. ఫోటో తీసేసి రిపోర్టు మళ్లీ రాసింది. వాడుతున్నవాళ్ల లెక్క పక్కన వాడనివాళ్ల లెక్క పెట్టింది, ఎందుకు వాడడం లేదో ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసింది. అది చదివిన మూడో రోజు కృష్ణకాంత్, గ్రామసభ తీర్మానం తెస్తే పైవాళ్లను అడుగుతానన్నాడు.

మే నెలలో సమాజ మందిరంలో గ్రామసభ జరిగింది. మొదటి అడ్డు గూడెం నుంచే వచ్చింది. ఆ పెట్టె నుంచి వచ్చే కిరణాలకు తేనెటీగలు పోతాయని, కడుపుతో ఉన్నవాళ్లకు మంచిది కాదని ఎవరో చెప్పారట. సభకని అహేరి నుంచి వచ్చిన భీము లేచి అదే అడిగాడు. జ్యోతిర్మయి కొట్టిపారేయలేదు. ఈ పెట్టె శక్తి పెద్ద టవరుతో పోలిస్తే చాలా తక్కువని, ప్రభుత్వం పెట్టిన హద్దుకు లోపలే ఉంటుందని చెప్పింది. కొలిచే మీటరు తెచ్చి వాళ్ల చేతికే ఇస్తానంది. తేనెటీగల సంగతి తనకు తెలియదని, తెలియనిది తెలిసినట్టు చెప్పనని కూడా అంది. పెద్దవాళ్లు తమలో తాము చాలాసేపు మాట్లాడుకున్నారు. పెట్టెను మనుషుల తలలకు అందనంత ఎత్తున పెట్టాలని, ఆరు నెలలకోసారి అందరి ముందు కొలవాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది సేటు కప్పు మీది డిష్. అంతవరకు ఒక మూల కూర్చున్న సదాశివ లేచాడు. డిష్ తన కప్పు మీద పెట్టుకోమన్నాడు, కరెంటు కూడా తనే ఇస్తానన్నాడు. సభ కొంత తేలికపడింది. అప్పుడు సోమక్క ఒక కాగితం ముందుకు జరిపింది. డిష్‌కయ్యే కరెంటు బిల్లు పంచాయతీ కడుతుందని, గ్రామసభకు చెప్పకుండా దాన్ని ఎవరూ తీయకూడదని అందులో రాసి ఉంది.

సేటు మొహం చిన్నబోయింది. "కాగితం దేనికి సోమక్కా? ఇన్ని దినాల సంది ఇస్తలేనా? నా మాట సరిపోదా?"

సోమక్క గొంతు పెంచలేదు. "నీ మాట మీద నమ్మకం ఉన్నది సేటు. నువ్వు మంచిగనే ఉన్నవు. కానీ నీ మనసు బాగున్న దినమే మా ఫోన్లు పలకాలంటే ఎట్ల? రేపు నీ జాగల ఇంకొకరు ఉంటరు. నువ్వు దయతోటి ఇస్తే మేం తల వంచుకుని తీసుకోవాలె. ఊరి తరఫున ఇస్తే అందరితోపాటు మేం కూడా వాడుకుంటం. మాకు గదే కావాలె."

విజయమ్మ తల దించుకుని చీర కొంగు సర్దుకుంది. సదాశివ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చదవడానికి అందులో అంత లేదు. చివరికి జ్యోతిర్మయి చేతిలోంచి పెన్ను తీసుకుని సంతకం పెట్టాడు. సంతోషంగా పెట్టలేదు, కానీ పెట్టాడు.

పైనుంచి మంజూరు రావడానికి వానాకాలం గడిచిపోయింది. దసరా దాటిన తరువాత పెట్టె మందిరం పక్కన స్తంభం ఎక్కింది. మొదటి పది రోజుల్లో రెండుసార్లు ఆగిపోయింది. సోలార్ పలకల మీద దుమ్ము తుడవడం, బ్యాటరీ చూసుకోవడం గూడెం ఆడవాళ్లు నలుగురు నేర్చుకున్న తరువాత నిలకడగా నడిచింది. జంగుబాయి ఆ మందిరం మెట్ల మీద కూర్చునే ఫోనుకు మొహం చూపించింది. కార్డులో పేరు తిరిగి వచ్చింది. పోయిన నెలల బియ్యం మాత్రం రాలేదు. దానికి ఎవరిని అడగాలో సోమక్కకూ తెలియలేదు.

ఇప్పుడు జ్యోతిర్మయి అంకిస వైపు ఊళ్లలో సర్వే చేస్తోంది. కంపెనీ ఇచ్చిన ఫారంలో కరెంటు ఉందా, ఫైబర్ ఎంత దూరం, కప్పు ఎంత ఎత్తు అని గడులు ఉన్నాయి. కింద ఖాళీగా ఉన్నచోట ఆమె తన చేతిరాతతో ఇంకొక గడి గీసి, ఈ చోటికి రావడానికి ఊళ్లో ఎవరు వెనకాడతారు అని రాసుకుంటుంది. ఆ గడి నింపాలంటే ప్రతి ఊళ్లోనూ ఇంకొక రోజు ఉండాల్సి వస్తుంది. కృష్ణకాంత్ విసుక్కుంటాడు. ఆమె ఉంటుంది.

నీరు, వెలుగు, వైద్యం, సిగ్నల్, ఏదైనా కావచ్చు. ఒకరి దయ కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకుండా ఊళ్లో అందరికంటే బీద మనిషి కూడా దాన్ని అందుకోగలిగిన రోజే అది ఊరికి వచ్చిందని చెప్పాలి.