మేకలు మేసినంత మేర

కాలిఫోర్నియాలో ఒక ఎండు కొండమీద పది లక్షల డాలర్లు పోసి కొత్త ఇల్లు కొనుక్కున్న వెర్నాకు ఒక్కటే కంటగింపు: ఏటా వేసవికి ముందు, కార్చిచ్చు భయంతో, ఎండుగడ్డి మేయడానికి కాలనీవాళ్లు బాడుగకు తెప్పించే మేకల మంద.

"మా ఇంటి వెనక మాత్రం మేపొద్దు. ఆ బంగారు రంగు గడ్డి చూసే కదా ఈ ఇల్లు కొన్నది," అంది.

"సరే తల్లీ, నీ బంగారానికి నువ్వే కాపలా కాసుకో," అన్నాడు మందను తోలుకొచ్చిన ముసలి ఒర్టేగా.

వేసవి చివర వేడిగాలి లేచి కొండ అంటుకుంది. ఇళ్లు ఖాళీ చేయించారు. వెర్నా, ఆమె భర్త హాలిస్ లోయ అవతలి రోడ్డుమీద నిలబడి చూశారు. ఆకాశాన్ని నాకుతూ కొండ దిగిన మంట, మేకలు మేసిన మేర దగ్గరికి రాగానే ఎవరో చెవి మెలిపెట్టినట్టు ఆగి, అక్కడే చతికిలబడింది. మేయని ఆ ఒక్క చోటు నుంచి మాత్రం అది పిలిచిన చుట్టంలా తిన్నగా ఆమె కంచె దాకా నడిచొచ్చింది. కంచె, వెనక వరండా కాలిపోయాక గాని ఫైరింజన్లు దాన్ని ఆపలేకపోయాయి.

"నీ బంగారమే దానికి దారి చూపించింది," అన్నాడు హాలిస్ మెల్లగా.

మరుసటి ఏడు ఒర్టేగా వచ్చేసరికి వెర్నా కొత్త కంచె తలుపు బార్లా తీసి నిలబడి ఉంది.

"లోపలికి తోలు పెద్దాయనా. గులాబీలు తిన్నా ఏమనను."