గాటు పడని తొడుగు

యేసుదానం కట్టుడు పళ్ల సెట్టును గరుకు కాగితంతో రుద్దుతున్నాడు. తెల్లపొడి మీసాల మీద, కనుబొమల మీద పేరుకుంది. గోదావరిఖనిలో ఒక పంటి దవాఖాన వెనక ఇరుకు గదిలో ఏళ్లుగా అతని పని ఇదే. ఊళ్లో ఎందరి నవ్వులో అతని చేతిలోంచి వెళ్లాయి. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. "వెనక గదాయన" అంటారు, అంతే.

సెంటినరీ కాలనీ నుంచి సదయ్య, అతని భార్య పోశవ్వ వచ్చారు. గనిలో పైకప్పు కూలి, పక్కనే పనిచేస్తున్న జోడీ ఎల్లన్న పోయినప్పటి నుంచి సదయ్య నిద్రలో పళ్లు కొరుకుతాడు. మొన్నటి తెలంగాణ సమ్మెలో డ్యూటీ లేని రోజుల్లో కూడా అది ఆగలేదు. యేసుదానం చేసిచ్చిన అక్రిలిక్ తొడుగు పళ్లకు పెట్టుకున్నాకే ఇంట్లో చప్పుడు తగ్గింది.

పోశవ్వ కొంగు ముడి విప్పి ఆ తొడుగు బల్ల మీద పెట్టింది. గాజులా ఉండాల్సింది పసుపెక్కి వంకరపోయింది.

"ఇదేంది చెల్లె?"

"ఎల్లన్న దీన్ల దూరిండన్నరు అన్నా, వాడకట్టోళ్లు. పసుపు నీళ్లల్ల ఉడకవెట్టిన."

"చారనుకున్నవా ఉడకవెట్టనీకి?" అనేశాడు యేసుదానం. ఆమె కళ్ల కింద నలుపు చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఆయన కొరుకుతాంటె నా ఒంట్ల బొక్కలు నలిగినట్టైతది. కన్ను మూస్తలేను" అందామె.

"ఇయ్యాల్నే ఇయ్యరాదే అన్నా" అన్నాడు సదయ్య. "పండుకోవాలంటె బుగులైతుంది."

ఇవ్వొచ్చు. వేడి లేకుండా గట్టిపడే రకం అక్రిలిక్‌తో చిటికెలో అయిపోతుంది. కానీ దాన్నిండా సన్నటి బుడగలు. సదయ్య దవడకు ఇట్టే విరుగుతుంది, గరుకు పైన మురికి పట్టేస్తుంది. నిదానంగా కాగి, నిదానంగా చల్లారిందే గట్టి తొడుగు.

"రేపు పొద్దుగాల రా సదయ్యా. ఈసారి ఏండ్లకేండ్లు ఉంటది."

"సరే తియ్యి" అన్నాడు సదయ్య.

వాళ్లు వెళ్లాక యేసుదానం అలమరలోంచి సదయ్య పళ్ల అచ్చు తీశాడు. పక్కనే, ఎప్పుడో పన్ను కట్టించుకున్న ఎల్లన్న అచ్చు ఉంది. పోయినవాళ్ల అచ్చులు అతను పారేయడు. "సమాధుల తోట పెట్టినవు" అని అతని భార్య సుగుణమణి దెప్పుతుంది. సదయ్య అచ్చు మీద అక్రిలిక్ ముద్ద నింపిన ఇత్తడి డబ్బాను బిగించి నీళ్లలో పెట్టాడు. నీళ్లు కాగేకొద్దీ డబ్బా గిన్నె అడుగుకు కొట్టుకుని పళ్లు కొరికినట్టు కటకటలాడింది. యేసుదానం లేచి మంట తగ్గించాడు. చప్పుడు ఆగలేదు.

మర్నాడు నున్నగా మెరుగుపెట్టాడు. ఒక్క బుడగ లేదు. గ్లాసు నీళ్లలో వేసి ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. నిద్ర నిద్ర అని గోల చేసి ఇప్పుడు మరిచిండు అని విసుక్కుంటూనే, ఆరితే పాడవుతుందని రోజూ నీళ్లు మార్చాడు.

దినాలు అయ్యాక పోశవ్వ ఒక్కతే వచ్చింది.

"నువ్వు రేపు రమ్మన్ననాడు రాత్రి సప్పుడు లేదన్నా. నిద్రవట్టిందనుకున్న. సంబురమైంది. నేను గూడ మొద్దునిద్ర వోయిన." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల లేపితే లేవలే."

ఆ రోజే ఏదో ఒకటి చేసిస్తే, మనిషి ఆ ఒక్క రాత్రయినా భయం, బుగులు లేకుండా పడుకునేవాడు. యేసుదానం గ్లాసులోంచి కొత్త తొడుగు తీసి ఇచ్చాడు. ఆమె వేలితో తడిమి చూసి తిరిగి ఇచ్చేసింది.

"దీన్ల ఆయన లేడన్నా. పాతది ఉన్నదా?"

సొరుగులోంచి పసుపెక్కినదాన్ని తీసిచ్చాడు. దాని మీది సదయ్య పళ్ల గాట్లను తడుముతూ కొంగున ముడేసుకుని ఆమె వెళ్లిపోయింది.

యేసుదానం గ్లాసులో నీళ్లు మార్చాడు. ఒక్క గాటైనా పడని కొత్త తొడుగు అడుగున మెరుస్తూ ఉంది.