అత్తయ్య విల్లు అడిగే హక్కు

అత్తయ్య జ్ఞాపకార్థం రేపు చర్చివాళ్లతో పెట్టుకున్న ఆదరణ కూడికకి బిర్యానీలోకి ఉల్లిపాయలు తరుగుతుంటే, మా ఆయన కృపాదానం ఓ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "కుమారీ, ఇక్కడో సంతకం పెట్టు."

ఇన్నేళ్లూ టాక్సులకీ, మార్ట్‌గేజీకీ తడిచేతులు తుడుచుకుని అలాగే పెట్టేశాను. ఈసారి మాత్రం "దేనికండీ?" అన్నాను.

"అమ్మ విల్లు విషయం. నువ్వు తప్పుకుంటున్నట్టు. ఊరికే ఫార్మాలిటీ."

ఊరికేనట! అత్తయ్య ఓక్‌విల్ ఊళ్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో విల్లు రాయించి, ఆ వైపు కోర్టులోనే దాచిపెట్టారు. తర్వాత మంచం పట్టి, వాన్ ఊళ్లో ఉన్న మా ఇంటికొచ్చి, పోయిన నెల ఇక్కడే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ప్రొబేట్‌కి, అంటే విల్లు చెల్లుతుందని కోర్టు ముద్ర వేయడానికి, ఇక్కడి కోర్టులో అప్లై చేయాలంటే ముందు విల్లు ఆ కోర్టు నుంచి ఈ కోర్టుకి రావాలి. పెద్దకొడుకు అడిగితే చాలనుకుని ఈయన తన సంతకంతో రిక్వెస్ట్ పంపేశారు. విల్లు తెప్పిస్తున్నానని చర్చిలో అందరికీ చెప్పుకున్నారు కూడా. కోర్టువాళ్లు తిప్పి పంపారు. విల్లు అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గా ఎవరి పేరుందో ఆ మనిషే అడగాలట. ఆ మనిషి బాలకుమారి, అంటే నేను.

నాకూ అప్పుడే తెలిసింది. విల్లు దాచిన రోజు అత్తయ్యని కోర్టుకి కార్లో తీసుకెళ్లింది నేనే, పార్కింగ్‌లో కూర్చుంది నేనే. ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. నన్ను ఎన్నడూ మెచ్చుకున్న మనిషి కాదు, కూరలో ఉప్పెక్కువైందని అనడానికే నోరు తెరిచేది. ఒకసారి దుప్పటి మారుస్తుంటే మాత్రం, "నా కొడుకులు బంగారాలే కుమారీ. కానీ నా మందులెక్కడుంటాయో ఒక్కడికీ తెలీదు" అంది. ముసలావిడ ఏదో అంటోందిలే అనుకున్నాను. వేర్‌హౌస్‌లో షిఫ్టంతా నేనే నడుపుతాను, ఏ ట్రక్కు ఎటు పోవాలో నేనే చెబుతాను. ఇంట్లో మాత్రం "నీ ఉద్యోగం ఏముంది, డబ్బాలు సర్దడమేగా" అనేవారు ఈయన. ఆవిడ మంచం పట్టకముందు కూడా, మా ఇంటికొచ్చినప్పుడల్లా అన్నీ వింటూనే ఉందన్నమాట.

ఈయన ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. రెజైనా ఊరి నుంచి మరిది షాలేమ్ రాజు. "వదినా, మీకెందుకు శ్రమ? సంతకం పెట్టేయండి, అన్నయ్య చూసుకుంటాడు."

శ్రమట! అత్తయ్యకి నేను స్నానం చేయించినన్నాళ్లూ ఈ మాట రెజైనా నుంచి ఒక్కసారి వినపడలేదు.

"ఆ శ్రమ నేను పడతాలే రాజూ" అని ఫోన్ కట్ చేశాను.

మా ఆయన మొహం ఎర్రబడింది. "నీకేం తెలుసు కోర్టుల సంగతి? రేపు చర్చివాళ్లు అడిగితే నేనేం చెప్పను? నా పరువేం కాను?"

"మీ అమ్మ నాకు అప్పజెప్పిందని చెప్పండి. తెలీనివి అడిగి తెలుసుకుంటాను."

చేతులు శుభ్రంగా కడుక్కుని, రిక్వెస్ట్ కాగితం మళ్లీ ప్రింట్ తీసి, నా పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఎంత గర్వంగా అనిపించిందో! పెళ్లయ్యాక ఏ కాగితం మీదా అంత నిదానంగా నా పేరు రాసుకోలేదు.

ఈయన కుర్చీలో కూలబడ్డారు. చిన్నపిల్లాడిలా అన్నారు. "అంటే అమ్మ నన్ను నమ్మలేదన్నమాట."

జాలేసింది. అయినా అబద్ధమాడాలనిపించలేదు.

"అది నాకు తెలీదండీ. నన్ను నమ్మింది."