మొక్కు పోతు

గ్రహణం నాడు మాధవి కొడవలి పట్టి తుమ్మకొమ్మ నరికిందనీ, ఆ మేత తిన్నందుకే ఆమె అత్త మొగిలవ్వ మేకల మందలో అవిటి పిల్లలు పుడుతున్నాయనీ బీర్పూర్‌లో నమ్మనివారు లేరు. అందరికన్నా గట్టిగా నమ్మింది మొగిలవ్వే.

మొదటి పిల్ల కాళ్లు కొయ్యబారి పుట్టింది. రెండోదానికి వెన్ను వంకర. రెండూ తల్లి పాలు తాగకుండానే పోయాయి. ఆనాటి నుంచి మాధవికి మేకల కొట్టంలోకి ప్రవేశం లేదు.

"మల్లి ఈనేదాక చూస్త. గిదీ పాడయిందంటే నిన్ను కోరుట్ల బస్సెక్కిస్త. మీ అవ్వగారింట్లనే ఉందువు" అని తేల్చి చెప్పింది మొగిలవ్వ.

మల్లి ఆమె సీసాపాలు పట్టి పెంచిన మేక. అది ఈ పొద్దు తెల్లవారినప్పటి నుంచి ముక్కుతోంది. రెండు గిట్టలు కనబడ్డాయి, తల రాలేదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టి వంకరపోయిన మొగిలవ్వ వేళ్లు లోపలికి పోలేదు.

"అత్తా, నా చెయ్యి సన్నగుంటది. ఒక్కసారి చూడనీ" అంది మాధవి గడప బయటి నుంచి.

"నువ్వు చూసింది చాలు తల్లీ. నీ చూపుకే గిట్లయింది. ఆడనే ఉండు."

"ఆడ నిలబడి చూస్తె తగలదా? లోపటికొస్తెనే తగులుతదా?"

మొగిలవ్వ తడిక అడ్డం పెట్టింది. పొద్దెక్కాక మాధవే జగిత్యాల పశువుల దవాఖానకు ఫోన్ చేసింది.

పశువుల డాక్టర్ స్రవంతి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చేతికి నూనె రాసుకొని లోపల తడిమింది. ఆమె ముఖం వాడిపోయింది.

"పిల్ల తలకు నీళ్లు పట్టినయవ్వా. గుమ్మడికాయంత అయింది, గిట్ల బయటికి రాదు. పొద్దుగాలనే పిలిస్తె తల్లినన్న దక్కించుకుందుము."

తలలోని నీరు తీసి, చచ్చిన పిల్లను బయటికి లాగింది. మల్లి మొగిలవ్వ ఒడిలో గదవ ఆనించి, నాలుగుసార్లు బరువుగా ఊపిరి తీసి ఆగిపోయింది. మొగిలవ్వ తన పాత సిరిసిల్ల చీర తెచ్చి దానిమీద కప్పింది. అటు తిరిగేసరికి మాధవి చేతిలో సంచి ఉంది. బట్టలు సర్దుకొనే వచ్చింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

చేతులు కడుక్కుంటూ డాక్టర్ అడిగింది: "మల్లికి కట్టిన పోతు ఎవలదవ్వా?"

"మాదే బిడ్డా. నా కొడుకు జితేందర్ దుబాయికెళ్లి మంచిగొస్తె పోచమ్మకు కోస్తనని మొక్కిన. నాలుగేండ్లాయె, వాడు రాకపాయె. మొక్కుదాన్ని అమ్ముతరా? మందలనే ఉంచిన."

"ఇంకో పోతు లేదా?"

"ఎందుకు? గంత మంచి పోతుండంగ."

"మరి మల్లి ఎవలకు పుట్టింది? గీ పోతుకేనా?"

మొగిలవ్వ తల తిప్పి బయటికి చూసింది. కొట్టం బయట, నుదుట పసుపుతో మొక్కు పోతు నింపాదిగా నెమరు వేస్తోంది. మాధవి సంచి పట్టుకొని అత్త ముఖంలోకే చూస్తోంది.

చచ్చిన మూడు పిల్లలకూ, వాటిని మోసిన మూడు తల్లులకూ తండ్రి ఆ మొక్కు పోతొక్కటే.