ఎడమ చేతికి అందేలా

తొమ్మిదో తరగతితో చదువాగిపోయిన నేను యాప్ తయారు చేశానంటే నాకే నవ్వొస్తుంది. నాకొచ్చింది కుట్టుపని. పక్క మిషన్ మీద కుట్టే అక్కే చెప్పింది, ఏఐకి మన మాటల్లో చెబితే చాలు, కోడ్ అదే రాసేస్తుందని.

పాపకి ఫిట్స్ మందు వేళ తప్పకూడదు. మధ్యాహ్నం నేను పనిలో ఉంటాను, ఇంట్లో అత్తయ్య. వేళకి ఆవిడ ఫోన్ మోగాలి, మందు వేశాక ‘వేశాను’ అని నొక్కాలి, నా ఫోన్లో పచ్చ టిక్కు రావాలి. అంతే చెప్పాను. పాప ఓ కునుకు తీసి లేచేలోగా యాప్ సిద్ధం.

మర్నాడు టిక్కు వచ్చింది. గుండె మీద చెయ్యేసుకుని కుట్టుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మందు కొలిచే చిన్న కప్పు నేను పొద్దున బోర్లించినట్టే ఉంది.

“అత్తయ్యా, మందు వేశారా?”

ఆవిడ నాలిక కరుచుకుంది. “అయ్యో! అప్పుడే నిద్రలోకి జారింది బంగారుతల్లి. నీ యాప్ గగ్గోలు పెట్టింది. దాని నోరు మూయించడానికి ఇంకో బటన్ లేదుగా, అదే నొక్కా. లేచాక వేద్దామనుకుని...”

వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సమ్మ ఇప్పుడు వెయ్యమంది, రాత్రి మందు ఎప్పుడు వెయ్యాలో కూడా చెప్పింది. పాప గుటకేసి నవ్వింది.

ఎవర్ని తిట్టను? పిల్ల పడుకుంటే ఏం చెయ్యాలో నేను చెప్పలేదు, ఏఐ అడగలేదు. తొడుక్కునే మనిషిని పిలవకుండానే చొక్కా కుట్టేశాను.

ఈసారి అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

“చెప్పు దానికి,” అంది, “పిల్ల ఎప్పుడూ నా కుడి భుజం మీదే ఉంటుందని. నా కళ్ళజోడు వేళకి దొరకదని. అంత గోల వద్దని.”

అన్నది అన్నట్టే రాశాను. ‘పడుకుంది’ అని ఇంకో బటన్ వచ్చింది. అది నొక్కితే కాసేపాగి మెల్లగా మళ్ళీ మోగుతుంది. రెండు బటన్లూ పెద్దవి, ఎడమ బొటనవేలికి అందేలా.

మర్నాడు ముందు ‘పడుకుంది’ అని వచ్చింది. తర్వాత పచ్చ టిక్కు. అయినా ఉండబట్టలేక ఫోన్ చేశాను.

“నొక్కానుగా! నీ యాప్ మీద నీకే నమ్మకం లేదా?”

“మీ నోటితో ఓసారి చెప్పండి అత్తయ్యా.”

“వేశానే తల్లీ! చుక్క కారకుండా మింగింది. ఇక పెట్టెయ్, ఎడమ చెయ్యి పీకుతోంది.”

మళ్ళీ మిషన్ తొక్కాను.