పంచదార బానిస

పద్దెనిమిదేళ్లుగా నేను ఎలుకలకు మేత పెట్టి బతుకుతున్నాను. పరిశోధనశాలలో ఎలుకల గది నాది. బోనులు కడగడం, రంపపు పొట్టు మార్చడం, సీసాలు నింపడం, ఏ ఎలుక ఎంత తిన్నదో తూచి పుస్తకంలో రాయడం నా పని. పెద్దవాళ్లు అచ్చువేసుకునే వ్యాసాల్లో నా పేరుండదు, ఉండక్కర్లేదు కూడా. కానీ ఎలుకల ముఖమైనా చూడకుండా ఎలుకల పేరు చెప్పి ఇంటర్నెట్లో పూనకం వచ్చినట్టు ఊగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వాళ్లలో పెద్ద తలకాయ ‘తీపి విముక్తి’ అనే గ్రూపు నడిపే మహానుభావుడు. మొన్నటిదాకా ఇళ్లు అమ్మిపెట్టేవాడు, ఇప్పుడు జనాన్ని ఉద్ధరిస్తున్నాడు. “పంచదారా సారాయీ ఒకటే! రెండూ మెదడును ఒకేలా పట్టుకుంటాయి! ఎలుకలే సాక్ష్యం!” అని రోజుకో వీడియో వదులుతాడు. కింద వేలమంది చప్పట్లు. ఆ గ్రూపులో చేరినవాళ్లు పొద్దున్నే లేచి, “నేను పంచదార బానిసను. ఇవాళ నాకు ఆరో రోజు” అని రాయాలట. నోరు జారి ఒక బిస్కెట్ తింటే మళ్లీ ఒకటో రోజు. బుర్ర ఇంట్లో పెట్టి తాళం వేసి వచ్చిన జనం.

నేను ఊరుకునే రకం కాదు. టీ తాగే పావుగంటలో ఫోన్ తీసి రాశాను. “అయ్యా, అలాంటి ప్రయోగం మా గదిలోనూ జరిగింది. పంచదార నీళ్ల సీసా తగిలించింది నేనే. ముందు పన్నెండు గంటలు వాటిని పస్తు పెట్టేవాళ్లం. కడుపు మాడుతున్న జీవి సీసా మీద పడక పాటలు పాడుతుందా? ఎప్పుడూ మేత ఎదురుగా ఉన్న ఎలుకలు అంత ఎగబడలేదు. మీరు వ్యసనం అంటున్నదాంట్లో సగం ఆకలి.”

ఇక చూడాలి తమాషా. ఒకడు నన్ను పంచదార కంపెనీ మనిషిని చేశాడు. ఒకావిడ నా ఆత్మ కోసం ప్రార్థిస్తానంది. గురువుగారైతే, “బోనులు కడిగేవాడికి సైన్సేం తెలుసు?” అని ఒక్క ముక్క రాసి నన్ను గ్రూపులోంచి గెంటేశాడు. నేను ఇంకో పేరుతో చేరాను. మూడు వారాల్లో అదే సమాధానం నలభైసార్లు రాసి ఉంటాను. ఒక్కడూ మారలేదు. అయినా ప్రతిసారీ వెధవల నోరు మూయించానన్న తృప్తితో సీసాలు నింపుకునేవాణ్ని.

ఆదివారం మధ్యాహ్నం అక్క గదికి వెళ్లాను. మా అక్క బట్టలు కుడుతుంది. బావ పోయిన ఈ ఐదేళ్లుగా ఆ గదిలో మిషన్ చప్పుడే తోడు. బావ తాగి పోయాడు. ఉన్న మాట అది, మెత్తగా చెప్పడం మాకు చేతకాదు. “నోరు కట్టుకోలేనివాడు మనిషేనా?” అని అక్క అతని ముఖం మీదే అనేది. చివరి రెండు నెలలు ఇంట్లోకి రానివ్వలేదు. అతని చాప తీసుకెళ్లి వరండాలో పరిచింది నేనే. పరుస్తూ ఏదో జోకు కూడా వేశాను.

అక్క టీ ఇచ్చింది. నోట్లో పోసుకుంటే కషాయం.

“పంచదార మర్చిపోయావే!”

“మర్చిపోలేదురా. ఇంట్లో లేదు. పారబోశాను,” అంది. “తీపి విముక్తి అని ఒకటుంది. అందులో చేరాను.”

నేను పడీపడీ నవ్వాను. అక్క నవ్వలేదు.

“నాలుగుసార్లు మొదలుపెట్టా. మూడో రోజు దాటడం లేదు. నిన్న పక్కింటికెళ్లి అడిగి మరీ రెండు చెంచాలు నోట్లో పోసుకొచ్చా.”

“నీకు జబ్బేం లేదు కదే. ఎందుకీ తిప్పలు?”

“ఒంటికోసం కాదురా.” కుడుతున్న గుడ్డ ఒళ్లోకి లాక్కుంది. “పంచదారా సారాయీ ఒకటే అంటున్నాడు ఆయన. రెండు చెంచాల పంచదారే నేను మానలేకపోతే, మీ బావ ఎలా మానేవాడు? నేను ఎన్నేసి మాటలన్నాను ఆ మనిషిని! నువ్వు ఎలుకల దగ్గర కళ్లారా చూశావుగా. నిజం చెప్పు. రెండూ ఒకటేనా?”

నా దగ్గర సమాధానం తయారుగా ఉంది. ఇన్నాళ్లకు ఒక మనిషి అడిగి చెప్పించుకుంటోంది. ఉత్సాహం ఆపుకోలేకపోయాను.

“ఒట్టి కాకమ్మ కబుర్లక్కా. రెండూ ఒకటి కానే కాదు. పంచదార తీసేస్తే ఎలుక రెండ్రోజులు చిరాకు పడేది, అంతే. నీదీ అంతే. పొద్దున్నుంచీ ఏమీ తినకుండా కుడతావు, సాయంత్రానికి తీపి మీద మనసు పోతుంది. సారాయి సంగతి వేరు. మా గదిలో అదీ పట్టించి చూశారు. అలవాటు పడ్డ ఎలుకకి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు పట్టేది. బోను ఊచలు గడగడలాడేవి. కొన్నిటికి ఫిట్సొచ్చి...”

అక్కడ నా నోరు ఆగింది. ఆగాల్సిన చోటు ఎప్పుడో దాటిపోయింది.

అక్క నన్నే చూస్తోంది. “మీ బావకీ మానబోయినప్పుడల్లా చేతులు వణికేవి. నీళ్ల గ్లాసు పట్టుకోలేకపోయేవాడు. నాటకాలాడకు అన్నాను నేను.”

నేను కప్పులోకి చూశాను. తాగడానికి అందులో ఏమీ మిగల్లేదు.

“ఆ ఎలుకల్ని నువ్వు ఎప్పుడు చూశావురా?” అని అడిగింది.

అబద్ధం చెబుదామనుకున్నాను. గురువుగారికైతే నిమిషంలో ఏదో ఒకటి రాసి పడేసేవాణ్ని. అక్కకు చెప్పలేకపోయాను. చివరికి, “బావ పోవడానికి రెండేళ్ల ముందు,” అన్నాను.

ఎలుక వణికితే గడియారం చూసి పుస్తకంలో రాశాను. బావ వణికితే చాప తీసుకెళ్లి వరండాలో పరిచాను.